గుమ్మం అక్క రాని ఆదివారాలు

ఆ చర్చి గోడ మీద మనిషెత్తు అక్షరాలతో "ఇది అందరి ఇల్లు" అని రాసి ఉంటుంది. రాయించింది పాస్టరుగారు. ఏ రంగు వెయ్యాలనే దాని మీద సంఘ పెద్దలు సమావేశాలు పెట్టుకుని మరీ వాదించుకున్నారు. చివరికి ఎవరికీ నచ్చని ఆకుపచ్చ ఖాయమైంది. సరే, రంగు మాట అలా ఉంచితే, ఆ గోడ మీది మాటను కిందికి దించి మనుషుల మధ్య నడిపించింది మాత్రం గుమ్మం అక్క.

ఆవిడ అసలు పేరు సంఘంలో సగం మందికి తెలియదు, తెలిసిన సగం మందీ మరిచిపోయారు. ఆదివారం పొద్దున తలుపులు తీసేసరికి గుమ్మం పక్కన నిలబడి ఉంటుంది గనక గుమ్మం అక్క. పిల్లలకూ అక్కే, పెద్దవాళ్ళకూ అక్కే. ఆవిడకంటే బాగా పెద్దవారైన పాస్టరుగారు కూడా నోరారా అక్కా అనే పిలుస్తారు.

మిగతా రోజులు ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం, వంకరపోయిన కాడల్ని వేడి చేసి చెవికి సరిపెట్టడం, ముక్కు మీంచి జారిపోయే జోడుకు మెత్తలు మార్చడం ఆవిడ పని. ఎన్నో ఏళ్ళుగా మనుషుల మొహాలను జానెడు దూరం నుంచి చూస్తూ వచ్చింది. మనకు ఎదురుగా మనిషి కనిపిస్తే ఆవిడకు ముందు ముక్కు దూలం, చెవుల ఎత్తు కనిపిస్తాయి. "ఎడమ చెవి కాస్త కిందికుండే డ్రైవరుగారు" అని ఆవిడ అంటే వినేవాళ్ళకు నవ్వొచ్చేది. కానీ ఆ డ్రైవరుగారు ఒక్క వారం రాకపోతే కనిపెట్టేది కూడా ఆవిడే.

ఆ సంఘం నడిచే పద్ధతంతా ఇక్కడే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళను ఆవిడ గుమ్మంలోనే పోల్చుకుని, లోపలికి తీసుకెళ్ళి, ఒంటరిగా వదిలేయకుండా ఎవరో ఒకరి పక్కన కూర్చోబెట్టేది. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు "ఈ రోజు మొదటిసారి వచ్చినవాళ్ళు దయచేసి లేచి నిలబడండి" అన్నప్పుడు, వాళ్ళు బెదిరిపోకుండా తనూ పక్కన నిలబడేది. ఇది అందరూ చూసే పని. ఎవరూ చూడని పని ఇంకోటుంది. జనమంతా వెళ్ళాక, కిటికీలు మూస్తున్న పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆ వారం ఎవరెవరు రాలేదో చెప్పేది. కాగితమూ లేదు, కలమూ లేదు.

"లాండ్రీ ఆయన రాలేదండి. పిల్లకి జ్వరమేమో, పోయినవారమే మొహం పీక్కుపోయి ఉంది. రెండో వరస టీచరమ్మ కూడా రాలేదు. మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవనుకుంటా, ఎవరినైనా ఆడవాళ్ళనే పంపండి."

మంగళవారం సాయంత్రానికల్లా ఇద్దరో ముగ్గురో పళ్ళు పట్టుకుని ఆ ఇళ్ళ తలుపు తట్టేవాళ్ళు. "మేం రాలేదని మీకెలా తెలిసింది?" అని ఆ ఇళ్ళవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. పాస్టరుగారు వేలు పైకి చూపించి "ఆయన చూస్తూనే ఉంటాడు" అనేవారు. పైనున్నాయన చూస్తాడు, నేను కాదనను. కానీ పాస్టరుగారి చెవిన వేసింది మాత్రం గుమ్మం అక్కే.

ఈ పని ఆవిడకు ఎవరూ అప్పజెప్పలేదు. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయాడు. పిల్లల్లేరు. చర్చి అప్పట్లో ఒక టైర్ల దుకాణం పైగదిలో ఉండేది. ఇంట్లో గోడల్ని చూసి చూసి పిచ్చెక్కుతోందని ఒక ఆదివారం ఆ మెట్లెక్కి వెనక బెంచీ చివర కూర్చుంది. ఎవరూ పలకరించలేదు. తర్వాతి వారమూ పలకరించలేదు. అందరూ మంచివాళ్ళే, కాకపోతే ఒకళ్ళ కబుర్లలో ఒకళ్ళు మునిగిపోయి ఉన్నారు. ఆవిడ చాలాకాలం అలాగే వచ్చింది, కూర్చుంది, లేచి వెళ్ళిపోయింది. ఒకనాడు ఎవరో ముసలాయన మెట్లెక్కి వచ్చి, లోపలికి రావాలో వెనక్కి వెళ్ళాలో తేల్చుకోలేక గుమ్మంలో తచ్చాడుతున్నాడు. ఆవిడ లేచి వెళ్ళి "రండి బాబాయిగారూ, నా పక్కన చోటుంది" అంది. ఆ రోజు నుంచి గుమ్మం ఆవిడదైంది.

ఈ ఏడాది సంఘం బాగా పెరిగింది. జనం పట్టక ఆదివారం రెండు ఆరాధనలు పెట్టారు, పొద్దున్నే ఒకటి, అది అయ్యాక ఇంకొకటి. గుమ్మం దగ్గర ఒక్క మనిషి చాలదని స్వాగత బృందం ఒకటి తయారైంది. ఛాతీకి నీలం రిబ్బను పెట్టుకున్న కుర్రకారు. వాళ్ళకు తర్ఫీదు ఇచ్చింది అక్కే.

"నవ్వండి గానీ పళ్ళన్నీ బయటపెట్టకండర్రా. పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చామనుకుని పారిపోతారు."

"ఇన్నేళ్ళూ నిలబడ్డారు, ఇక మీరు హాయిగా కూర్చోండక్కా" అన్నారందరూ. ప్రేమగానే అన్నారు. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. ఎక్కడ కూర్చోవాలో ఆవిడకూ తెలియలేదు, వాళ్ళకూ తట్టలేదు.

ఆ వారంలోనే దుకాణం మెట్లు దిగుతూ కాలు జారింది. చీలమండ విరిగింది. డాక్టరు మోకాలి దాకా కట్టు వేసి, కాలు కింద పెడితే నా పూచీ లేదన్నాడు. దుకాణం యజమాని ఆటోలో ఎక్కించి, ఇద్దరి చేత మోయించి, మూడో అంతస్తులో ఆవిడ ఉండే గదికి చేర్చాడు. మంచివాడే. మర్నాడు బాగుచేయాల్సిన ఫ్రేములు ఒక డబ్బాలో వేసుకుని మళ్ళీ వచ్చాడు. "ఊరికే కూర్చుంటే తోచదు కదమ్మా" అని మంచం మీద పెట్టి వెళ్ళాడు.

తమ్ముడు ఫోన్ చేశాడు. "రమ్మంటావా అక్కా?" అన్నాడు. రమ్మంటావా అని అడిగేవాడికి రమ్మని ఎవరు చెప్తారు? "వద్దులేరా, ఇక్కడ నాకు మనుషులకేం తక్కువ? చర్చివాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఇల్లు పట్టకుండా వస్తారు" అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

మొదటి ఆదివారం మంచం మీద పడుకుని పాటల వేళ ఎప్పుడైందీ, ప్రసంగం ఎప్పుడు మొదలైందీ గడియారం చూసి లెక్కేసుకుంది. నేను రాలేదని ఈపాటికి చూసి ఉంటారు అనుకుంది. సోమవారం ఒంటికాలి మీద గెంతుతూ గది సర్దింది. రెండు కుర్చీలు మంచానికి ఎదురుగా వేసింది. కప్పులు కడిగి బోర్లించింది. ఎదురింటి కోడలి చేత మంచి బిస్కెట్లు తెప్పించి మూత గట్టి డబ్బాలో పోసింది. పరామర్శ ఎలా సాగుతుందో ఆవిడకు తెలియనిదా? తలుపు రెండుసార్లు కొడతారు. పళ్ళ సంచి ఎక్కడ పెట్టాలా అని దిక్కులు చూస్తారు. "అయ్యో, ఎలా జరిగింది?" అంటారు. చిన్న ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత అసలు కబుర్లు మొదలవుతాయి. ఆ కబుర్ల కోసమే ఆవిడ ప్రాణం కొట్టుకుంది.

మంగళవారం ఆవిడ మంచి చీర కట్టుకుని కూర్చుంది. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా జుట్టు సవరించుకుంది. ఒకసారి అడుగులు తన తలుపు దాకా వచ్చి ఆగాయి కూడా. కరెంటు మీటరు చూసేవాడు. చూసుకుని వెళ్ళిపోయాడు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని మీరనొచ్చు. ఆవిడా అనుకుంది. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ దిండు కింద పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎవరి చేతా చెప్పించుకోలేదు. చెప్పకుండానే కనిపెట్టింది, అడక్కుండానే మనుషుల్ని పంపింది. చెప్పి రప్పించుకుంటే అది పరామర్శ కాదు, పనికి పిలిచినట్టే. నన్ను వెతుక్కునేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా లేదా అన్నది ఆవిడ తేల్చుకోదలుచుకుంది. మొండితనమే, ఒప్పుకుంటాను. కానీ బతుకంతా అవతలివాళ్ళ తలుపు తట్టించిన మనిషి, తన తలుపు ఒక్కసారి చప్పుడు కావాలనుకోవడం అంత పెద్ద నేరమేమీ కాదు.

మరో వారం పోయింది. ఇంకో వారం కూడా పోయింది. ఎదురింటి కోడలు రెండు పూటలా ఇంత తినడానికి పెట్టి పోయేది. ఆ పిల్ల ఏ చర్చికీ వెళ్ళదు, దేవుడి ఊసే ఎత్తదు. పైగా నోటికి అడ్డూ ఆపూ లేదు.

"పిన్నిగారూ, మీ చర్చివాళ్ళు అంతమంది ఉంటారంటారుగా. ఒక్కళ్ళూ రారేం?"

"వస్తారమ్మా. కొత్తగా రెండు ఆరాధనలు పెట్టారు. ఊపిరి సలపట్లేదు వాళ్ళకి."

"ఊపిరి సలపక పోవడానికి వాళ్ళేమైనా కొండలు మోస్తున్నారా? ఒక పావుగంట పని."

"నీకు తెలీదులే, ఊరుకో."

ఆ పిల్ల ఊరుకుంది. ఎదురుగా వేసిన రెండు కుర్చీలనూ చూసి, ఇంకేదో అనబోయి, గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. తనవాళ్ళను వెనకేసుకురావడం ఇంత కష్టంగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ శనివారం ఫోన్ మోగింది. పాస్టరుగారు. ఆవిడ గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. గొంతు సవరించుకుని, కళ్ళు తుడుచుకుని, అప్పుడు ఎత్తింది. కళ్ళు ఎందుకు తుడుచుకుందో, ఫోన్లో కనపడవు కదా.

"అక్కా, వందనాలు. బాగున్నారా?"

"వందనాలండి. ఆ..."

"మీతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో! ఒక ఆరాధన అవగానే ఇంకోటి. ఎవరొచ్చారో ఎవరు పోయారో నాకసలు తెలియట్లేదక్కా. మీరు కూడా ఈ మధ్య ఏమీ చెప్పట్లేదు. అదే అడుగుదామని చేశాను. రానివాళ్ళెవరైనా ఉన్నారా? అందరూ వస్తున్నారా?"

ఆవిడకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. ఒక్క మాట, నేను రావట్లేదండి అంటే సరిపోయేది. కానీ బాగున్నారా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ముందుకెళ్ళిపోయిన మనిషికి ఏమని చెప్తుంది?

"అందరూ వస్తున్నట్టే ఉన్నారండి" అంది.

"స్తోత్రం! ఎంత చల్లని మాట చెప్పారు. ఉంటానక్కా, రేపు కలుద్దాం."

ఆవిడ ఫోన్ పక్కన పెట్టింది. అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ రానివాళ్ళు ఎవరో చెప్పింది తనే. తను చెప్పిన ఇంటికే వాళ్ళు వెళ్ళారు, చెప్పని ఇంటికి ఎన్నడూ వెళ్ళలేదు. తను రాలేదని చెప్పాల్సిన మనిషి కూడా తనే, ఆ మనిషి రాలేదు. పొద్దుటి ఆరాధనవాళ్ళు తను రెండోదానికి వస్తోందనుకుంటారు. రెండోదానివాళ్ళు పొద్దుటే వచ్చి వెళ్ళిపోయిందనుకుంటారు. పాస్టరుగారేమో ప్రసంగం చదువుకోవడానికి దగ్గరి చూపు జోడు పెట్టుకుంటారు, ఆ జోడులోంచి చూస్తే మూడో వరస దాటాక అంతా మసకే. ఆ జోడు చేసిచ్చింది కూడా తనే. ఆవిడకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకుని ఎవరికి చూపించాలి? ఏడుపు అయ్యాక వచ్చేవాళ్ళ కోసం దాచిన బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే తినేసింది. మెత్తబడిపోయాయి.

కట్టు విప్పాక డాక్టరు చేతికర్రతో నడవమన్నాడు. తర్వాతి ఆదివారం ఆవిడ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టుకుంటూ మూడు అంతస్తులూ దిగి, ఆటో మాట్లాడుకుని రెండో ఆరాధనకు వెళ్ళింది. చేరేసరికి పాటలు మొదలయ్యాయి. గుమ్మం దగ్గర నీలం రిబ్బను పెట్టుకున్న కొత్తాయన ఒకడు ఉన్నాడు. బ్యాంకులోనో ఎక్కడో గుమాస్తాలా ఉన్నాడు. తను తర్ఫీదు ఇచ్చిన రోజు ఇతను లేడు. జోడు ముక్కు మీంచి జారిపోతోంది, కాడలు కాస్త బిగించాలి అనుకుంది.

"వందనాలండి, రండి రండి. మొదటిసారా అమ్మా?"

కాదు బాబూ అనాల్సింది. అనబోయింది కూడా. ఈలోగా అతను కర్ర ఉన్న చేతి జోలికి పోకుండా రెండో మోచేయి పట్టుకున్నాడు. ఏ వైపు పట్టుకోవాలో తెలిసినవాడు. "మెల్లగా అమ్మా, తొందరేం లేదు. ముందు వరసలో కూర్చుందురు గాని, కాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుంది" అన్నాడు. దారిలో "ఎక్కణ్ణించి వచ్చారు? ఒక్కరే వచ్చారా? ఎలా జరిగిందమ్మా ఇది?" అని అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆగాడు. నెల పైన ఎదురుచూసిన ప్రశ్న. ఆవిడ "మెట్ల మీద జారానయ్యా" అంది. "అయ్యో" అన్నాడు. ఆవిడకు తన సొంత చర్చిలో కొత్తదానిలా నడుస్తున్నందుకు సిగ్గేసింది, ఆ నడక బాగుందనిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

పాడుతున్నవాళ్ళలో ఒకరిద్దరు ఆవిడను చూసి నవ్వి చెయ్యి ఊపారు. పోయినవారం చూసిన మనిషిని చూసినట్టే ఊపారు.

అతను ఆవిడను కూర్చోబెట్టి, కాలు పెట్టుకోవడానికి ఇంకో కుర్చీ లాగి, మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ప్రసంగం నడిచింది. అందరికీ తలుపు తెరిచి ఉంచాలన్న ప్రసంగమే. ఆవిడ చెవికి సగమే ఎక్కింది. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు చేతులు చాపి, "ఈ రోజు మొదటిసారి వచ్చినవాళ్ళు దయచేసి లేచి నిలబడండి" అన్నారు.

రిబ్బనాయన పక్కనుంచి వంగి, "లేవండమ్మా, నేను పట్టుకుంటాను" అన్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. టైర్ల దుకాణం పైగదిలో ఎవరూ లేపని మనిషిని ఇన్నాళ్ళకు ఒకరు లేపారు, అంతే అనుకోవాలి. హాల్లో అక్కడక్కడా ఇంకో నలుగురైదుగురు లేచారు. పాస్టరుగారు వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూస్తూ ముందు వరసకు వచ్చి, జోడు తీసి, కళ్ళు చిట్లించి, మొహమంతా నవ్వు చేసుకున్నారు.

"చూశారా, మన గుమ్మం అక్క! ఏ వారమూ ఒట్టి చేతులతో రారు. ఈసారి ఎవర్ని తీసుకొచ్చారక్కా?"

అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు మెడలు సాచి ఆవిడ పక్క కుర్చీలోకి చూశారు. ఆ కుర్చీలో ఆవిడ చేతికర్ర ఉంది.

"ఎవర్నీ తేలేదండి" అంది ఆవిడ. "నన్నే తెచ్చుకున్నాను."

నవ్వులాటకు అందనుకుని వెనక ఎవరో నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వబోయి, కర్రను చూసి ఆగిపోయారు.

"కాలికేమైందక్కా?"

"విరిగిందండి. నెల దాటింది. మంచం మీదున్నాను."

"నెలా?" పాస్టరుగారు పాటల బృందం వైపు తిరిగారు. వాళ్ళలో ఒకామె తడబడుతూ, "మేం ఈ ఆరాధనలోనే కదండీ పాడేది. అక్క పొద్దుటిదానికి వస్తున్నారనుకున్నాం" అంది. పొద్దుటి ఆరాధన అయ్యాక లెక్కలు చూసుకోవడానికి ఆగిన సంఘ పెద్ద ఒకాయన తలుపు దగ్గర్నుంచి, "మేమేమో ఇక్కడికి వస్తున్నారనుకున్నాం" అన్నాడు.

"మొన్న నేను ఫోన్ చేశాను కదక్కా" అన్నారు పాస్టరుగారు. గొంతులో కొంచెం నిష్ఠూరం కూడా ఉంది, పాపం. "అందరూ వస్తున్నారన్నారు."

"అన్నానండి. నా సంగతి మీరు అడగలేదు, చెప్పడానికి నాకు మనసు రాలేదు. అలా అనడం తప్పే."

పాస్టరుగారు వేదిక మెట్టు మీద కూర్చుండిపోయారు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆ క్షణాన ఆయన మొహం చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. కాసేపటికి తలెత్తి జనం వైపు చూశారు.

"ఇంకెవరు?" అన్నారు. "ఈ నెలలో ఇంకెవరెవరు రావట్లేదు? ఎవరికైనా తెలుసా?"

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కొందరు పక్కనున్న ఖాళీ కుర్చీలను చూశారు. అవి ఎప్పుడూ ఖాళీయేనో, ఎవరైనా కూర్చునేవారో గుర్తు రావట్లేదు. గుసగుసలు మొదలై, ఎక్కడివక్కడే ఆగిపోయాయి. తర్వాత ఒక్కొక్క తలే, ఎవరూ చెప్పకుండానే, ముందు వరస వైపు తిరిగింది. ఎన్నో ఏళ్ళ అలవాటు. చివరికి పాస్టరుగారు కూడా కళ్ళు తుడుచుకుని ఆవిడ వైపే తిరిగారు.

"మీరే చెప్పండక్కా. ఇంకా ఎవరు రాలేదు?"

ఆవిడ కర్ర అందుకుని మెల్లగా వెనక్కి తిరిగింది. హాలు చివరిదాకా మొహాలే. తెలిసిన ముక్కులున్నాయి, తెలిసిన చెవులున్నాయి. ఎన్నడూ చూడనివి అంతకంటే ఎక్కువున్నాయి. వాళ్ళందరూ తన నోటి వైపే చూస్తున్నారు.

"నాకెలా తెలుస్తుందండీ" అంది. "నేను రాలేదు కదా."